దొంగను పట్టుడు, మా గడప దాటకుడు

తెలుగు చిత్రములను దొంగిలించి అంతర్జాలమున ఉచితముగ చూపుచుండిన ఐబొమ్మ అను సైటును నడపినాడను ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు కూకట్‌పల్లిలో ఒకనిని నిర్బంధించిరి. నాటి నుండి మన పేటలలో రెండు మాటలు వినవచ్చుచున్నవి. ‘దొంగ దొరికినాడు, మంచి పని జరిగినది’ అనునది మొదటి మాట. దానితో మేమును ఏకీభవింతుము. ‘చూపినవానిని పట్టిన చాలదు, చూచినవారి పేర్లు కూడ బయటికి లాగి, ఇంటింటికి జుర్మానా వేయవలె’ అనునది రెండవ మాట. దీనిని మేము ఖండించుచున్నాము. ఏల ఖండించుచున్నామో పాఠక బాంధవులకు తెలియజేయుట మా విధి.

ముందుగా ఒక సంశయమును తొలగింతుము. మేము దొంగల పక్షమున వాదించుట లేదు. ఒక చిత్రము తెరకెక్కుటకు ముందు వందలాది జనులు చెమటోడ్చుదురు. నిర్మాతకు వచ్చిన నష్టమును గూర్చి పత్రికలు వ్రాయును. దీపములు మోయువాడు, దుస్తులు కుట్టువాడు, తెరచాటున గొంతు అరువిచ్చువాడు పని కోల్పోయినపుడు మాత్రము పలుకరించువారుండరు. పరుల శ్రమను దోచుకొనుట యెట్టిదో నేతగానికి ఒకరు చెప్పనక్కరలేదు. తెలంగాణము నుండి మన తాతముత్తాతలు మగ్గమునే నమ్ముకొని ఈ ఊరికి వచ్చిరి. వారి చేతిపనియే షోలాపురపు చద్దరుకు పేరు తెచ్చినది. ఆ చద్దరుకును, ఇచ్చటి టెర్రీ తువాలుకును 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద నమోదు లభించినది. అయినను ఎచ్చటనో నేసిన నాసిరకపు సరకుపై మన ఊరి పేరు వేసి అమ్మువారు నేటికిని కలరు. నకలు వలన కడుపు కాలుట మన కార్ఖానాలకు అనుభవములో నున్న సంగతియే.

అట్లని మనమేమి కోరితిమి? నకిలీ చద్దరు కప్పుకొన్నవాడెవడో కనుగొనుటకై ఊరూర ఇండ్లలో దూరి, మంచములపై పరచిన చద్దరులను తిరుగవేసి చూచు అధికారము మన కార్ఖానాదారులకు కావలెనని ఎవరైన కోరిరా? కోరియుండినచో లోకము నవ్వకుండునా? దొంగ ముద్ర వేసినవానిని, దానిని టోకున అమ్మినవానిని పట్టుడని మాత్రమే కోరితిమి. చద్దరు విషయమున తగని కోరిక చిత్రము విషయమున ఎట్లు తగును? మా వాదమంతయు ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది.

చూచినవాని పేరును ఎట్లు రాబట్టుదురో పాఠకులు ఎరుగుట అవసరము. ఇంటర్నెట్టు వాడు ప్రతి కనెక్షనుకు కంపెనీవారు ఒక సంఖ్యను కేటాయింతురు. దానిని ఐ.పి. చిరునామా యందురు. టారెంటు పద్ధతిలో చిత్రమును దింపుకొనువారి సంఖ్యలు ఆ గుంపులోని వారందరికిని కనబడును. చిత్రసంస్థలు కిరాయికి కుదుర్చుకొన్న ప్రైవేటు సంస్థలు తామును ఆ గుంపులో చేరి, కనబడిన సంఖ్యలను జాబితాగా వ్రాసికొనును. అయితే సంఖ్య వెనుకనున్న మనిషి పేరు, ఇల్లు కనెక్షనిచ్చిన కంపెనీకే తెలియును. ఆ పేరును కంపెనీ నుండి రాబట్టుట యందే వివాదమంతయు కలదు. ఇక ఐబొమ్మ వంటి సైటులో తిన్నగా చిత్రమును చూచువారి సంఖ్యలు బయటివారికి కానరావు. వారిని గుర్తింపవలెనన్నచో, ఏ యింటివారు ఏ వేళ ఏ సైటును తెరచిరో కంపెనీవారే ఎల్లప్పుడు కనిపెట్టుచుండవలెను. ఒక్క దోషిని కనుగొనుటకై వీధిలోని ప్రతి యింటి కిటికీలో తొంగిచూచుట యన్నమాట.

ఇది మా ఊహ కాదు. యూటీవీ సంస్థ వేసిన దావాలో 2019 ఏప్రిలు 10వ తేదీన ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పుచు, దొంగ సైటులను మాత్రమేగాక పేరు మార్చుకొని మరల పుట్టుకొనివచ్చు వాని నకళ్లను కూడ నిలిపివేయుటకు మార్గమేర్పరచినది. అంతవరకు మాకు పేచీ లేదు. కాని అదే తీర్పులో మరియొక మాట కలదు. దొంగచిత్రములను చూచువారికి హెచ్చరికలు పంపుట, ఆ హెచ్చరికను లెక్కచేయనిచో జుర్మానా విధించుట అను విధానమును పరిశీలింపుడని కేంద్రప్రభుత్వ శాఖలకు న్యాయస్థానము సూచించినది. హెచ్చరిక పంపవలెనన్న చూచినదెవరో తెలియవలెను. చూచినదెవరో తెలియవలెనన్న అందరినీ కాపలా కాయవలెను. ఈ సూచన ఎన్నడును శాసనరూపము దాల్చరాదని మా నిశ్చితాభిప్రాయము.

మన జిల్లా బొంబాయి హైకోర్టు అధికారమునకు లోబడినది. ఆ న్యాయస్థానమున 2016లో న్యాయమూర్తి గౌతమ్ పటేల్ గారు చూపిన దారి వేరు. డిషూమ్ అను హిందీ చిత్రము విడుదలకు ముందు నిర్మాతలు సమర్పించిన జాబితాను వారు కన్నులు మూసికొని ఆమోదింపలేదు. ప్రతి లింకును సరిచూచి, ప్రమాణపూర్వకముగ నివేదించిన పిమ్మటనే నిలుపుదలకు అనుమతించిరి. సైటునంతయు ఒక్కపెట్టున మూయుటకు సమ్మతింపలేదు. అదే సంవత్సరము ఆగస్టులో, దొంగప్రతిని చూచుటయే నేరమను హెచ్చరిక ప్రకటన తప్పని చెప్పిరి. అనుమతి లేక పంచుట, బహిరంగముగ ప్రదర్శించుట, అమ్ముట, అద్దెకిచ్చుట యందే నేరమున్నదని వివరించిరి. నేరమే కాని దానికి జుర్మానా యెక్కడిది? చూచుట మంచిదని మేము చెప్పము. కాని మంచిది కానిదెల్ల నేరము కాదు. ఇంటి తలుపు తట్టుటకు అది చాలిన కారణమును కాదు.

సంఖ్య తెలిసినంత మాత్రమున మనిషి తెలియడు. మన సాఖరపేటలో గాని, కన్నా చౌకులో గాని ఒక కార్ఖానాను చూడుడు. కనెక్షను యజమాని పేర నుండును. దానిని వాడువారు మరమగ్గములపై పనిచేయు పదిమంది, కండెలు చుట్టు ఆడువారు, మేడపై అద్దెకున్నవారు, ప్రక్కింటి పిల్లలు. సెల్‌ఫోనుల విషయమున చిక్కు ఇంకను ఎక్కువ. సంఖ్యలు చాలనందున కంపెనీలు ఒకే సంఖ్యను ఒకే వేళ అనేకులకు పంచియిచ్చుట పరిపాటి. గడియారములో కొంత తేడా వచ్చినచో ఒకని తప్పు వేరొకని నెత్తిన పడును. బిల్లు కట్టువాడే దోషి యనుట, మగ్గములో దారము తెగినందుకు షెడ్డు యజమాని తాతను శిక్షించుట వంటిది.

ఈ పద్ధతిని అమెరికా దేశము అనుభవించి చూచినది. 2003 నుండి 2008 వరకు అచ్చటి గ్రామఫోను రికార్డు కంపెనీల సంఘము, పాటలు పంచుకొన్నారను నెపముపై సుమారు 35,000 మందిని వ్యాజ్యములలోనికి లాగినది. 2003 సెప్టెంబరులో న్యూయార్కు నగరమున ప్రభుత్వపు ఇండ్లలో నివసించు పన్నెండేండ్ల బాలికయు వారిలో నొకతె. ఆమె తల్లి 2,000 డాలర్లు చెల్లించి రాజీపడినది. 2005లో వ్యాజ్యము వేయబడిన ఒక వృద్ధురాలు అప్పటికే మరణించినది, వయస్సు 83. ఈ పేర్లను రాబట్టుటకు వారు మొదట అనుసరించిన దారిని గమనింపుడు. న్యాయమూర్తి విచారణ లేకయే కోర్టు గుమాస్తా ముద్ర వేసిన కాగితమును చూపి, టెలిఫోను కంపెనీలను పేర్లీయుమని నిర్బంధించిరి. వెరిజాన్ కంపెనీ అందుకు నిరాకరించి పోరాడినది. 2003 డిసెంబరులో వాషింగ్టనులోని అప్పీలు న్యాయస్థానము, తన తీగల మీదుగా సమాచారమును చేరవేయుట తప్ప వేరు పనిచేయని కంపెనీపై ఆ కాగితము చెల్లదని తీర్పు చెప్పినది. అయిదేండ్ల తరువాత ఆ సంఘమే మూకుమ్మడి వ్యాజ్యములను విరమించుకొనినది. దొంగతనము ఆగలేదు, బెదిరిన పేదలు మాత్రము మిగిలిరి.

మన దేశమున ఈ బెదిరింపునకు మరియొక ముఖమున్నది. పోలీసు దుస్తులు ధరించి, ఫోనులో ముఖము చూపి, ‘నీపై కేసున్నది, ఇల్లు కదలవద్దు, డబ్బు పంపుము’ అని జనులను దోచుకొను మోసము ‘డిజిటల్ అరెస్ట్’ అను పేర దేశమంతట వ్యాపించినది. 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే ఆకాశవాణి ప్రసంగమున దీనిని గూర్చి ప్రజలను హెచ్చరింపవలసివచ్చినది. ఇట్టి తరుణమున, ‘నీవు దొంగచిత్రమును చూచితివి, ఇంత సొమ్ము కట్టుము’ అని ఉత్తరములు పంపు అధికారము ప్రైవేటు సంస్థలకు కలిగినదనుకొనుడు. బీడీల చాట ఒడిలో పెట్టుకొన్న మన తల్లి ఫోనునకు అట్టి సందేశము వచ్చినచో, అది సంస్థ పంపినదో, దొంగ పంపినదో ఆమె ఎట్లు గుర్తుపట్టగలదు? కుమారుని పరువునకు వెరచి, వారపు కూలిని కిక్కురుమనక పంపివేయును. కోర్టు ముద్ర లేని ప్రతి కాగితమును చించివేయుడని మనము ఆమెకు ధైర్యము చెప్పగలిగినపుడే ఆమెకు రక్షణ.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇక చెప్పెదము. మహారాష్ట్రమున మనము భాషాల్పసంఖ్యాకులము. మన పిల్లలలో చాలమంది చదువు మరాఠీలోనో, ఇంగ్లీషులోనో సాగుచున్నది. ఇంటి వెలుపల వారి చెవికి తెలుగు సోకునది సినిమాలో, పాటలో. షోలాపురమున తెలుగు చిత్రములను చూచు ఇండ్ల జాబితా యనగా తెలుగువారి ఇండ్ల జాబితాయే కదా! ఏ చిత్రము చూచితిమి, ఏ భజన వింటిమి, ఏ నాయకుని ఉపన్యాసము తెరచితిమి అనువాని నన్నిటిని కలిపి చూచినచో మన కులము, మతము, రాజకీయము బయటపడును. సినిమా కొరకై కూర్చిన జాబితా సినిమాతోనే ఆగునని హామీ యెవరిచ్చెదరు? దానిని కొనువాడెవడు? నేడొక మనసుతో అడిగిన వారి స్థానమున రేపు వేరొక మనసుతో వచ్చువారెవరు? తన భాషను కాపాడుకొను హక్కు రాజ్యాంగము 29వ అధికరణమున మనకున్నది. ఆ భాషను వినుచున్నందుకే లెక్కకెక్కుట ఆ హక్కునకు శోభనీయదు.

‘తప్పు చేయనివానికి భయమేల?’ యని అడుగు పెద్దలు కలరు. వారిని మేము ఎదురు ప్రశ్నింతుము. మీ యింటికి తలుపేల పెట్టించుకొంటిరి? లోపల దొంగతనము చేయుటకా? ఈ ఊరివారికి ఇది మరింత తెలిసియుండవలె. 1930 మే నెలలో షోలాపురమున సైనికశాసనము విధింపబడినపుడు జాతీయపతాకము నెత్తుటయే నేరమైనది. నాటి కేసులలో ఉరిశిక్ష పొంది 1931 జనవరి 12వ తేదీన ప్రాణములర్పించిన మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందేల పేర్లు మన పిల్లలకును కంఠస్థమే. నాటి దానికిని నేటి దానికిని సామ్యము లేదని మేమెరుగుదుము. కాని తప్పేది, ఒప్పేది యని నిర్ణయించువారు మారుచుందురనియు, సోదా చేయు అధికారము ఒకసారి చేతికిచ్చినచో తిరిగి తీసికొనుట కష్టమనియు ఆ చరిత్ర చెప్పుట లేదా?

‘మరి దొంగలను పట్టుట ఎట్లు?’ అందురేమో. పట్టిన రీతిని చూచి నేర్చుకొందము. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది చిత్రము విడుదల కాకమునుపే అందులో సగభాగము బయటికి పొక్కినది. కృష్ణాజిల్లా పెడన పట్టణపు సీడీ దుకాణము నుండి పోలీసులు దారము పట్టుకొని వెనుకకు నడిచిరి. కొలది దినములలోనే ఆ దారము చిత్రనిర్మాణములో పనిచేసిన ఒకని చేతికి చేరినదని వెల్లడించిరి. దొంగతనము ప్రేక్షకుని ఇంటిలో పుట్టలేదు. నిర్మాత ఇంటిలోనే పుట్టినది. ఐబొమ్మ కేసులోను పోలీసులు పోయినది నడపినవాడని తాము అనుమానించిన వాని యింటికే. ఆరోపణలు న్యాయస్థానమున తేలవలసియున్నవి. ఈ రెంటిలోను చూచిన లక్షలాది జనుల పేర్లు దేనికిని అవసరపడలేదు. శాసనబలమునకును కొరత లేదు. 2023లో సవరింపబడిన సినిమాటోగ్రాఫు చట్టము ప్రకారము చిత్రమును అక్రమముగ రికార్డు చేసినవారికి, ప్రసారము చేసినవారికి మూడు నెలల నుండి మూడేండ్ల వరకు ఖైదు, కనీసము 3 లక్షల రూపాయలు మొదలు చిత్ర నిర్మాణవ్యయములో నూటికి 5 వంతుల వరకు జుర్మానా విధింపవచ్చును. అధికారము చేత నుండగా దానిని వాడక, మరింత అధికారము కావలెననుట సోమరితనము.

ప్రైవేటు వారి చేతికి కత్తినిచ్చిన ఏమగునో 2012లోనే చూచితిమి. 3 అను తమిళ చిత్రము, దమ్ము అను తెలుగు చిత్రము కొరకు మద్రాసు హైకోర్టున పొందిన ఉత్తర్వులను ఆధారము చేసికొని ఇంటర్నెట్టు కంపెనీలు విమియో, డైలీమోషన్, పేస్ట్‌బిన్ వంటి సైటులను మొత్తముగ మూసివేసినవి. తమ సొంత పనిని అందులో ఉంచుకొన్న నిర్దోషులును బయటపడిరి. జూను నెలలో ఆ న్యాయస్థానమే కలుగజేసికొని, నిర్దిష్టమైన లింకులను మాత్రమే నిలుపవలెనని స్పష్టము చేయవలసివచ్చినది. సైటుల విషయమున ఇంత తొందర చూపినవారు మనుష్యుల పేర్ల విషయమున ఓర్పు చూపుదురని ఎట్లు నమ్మగలము?

ఆంతరంగికత మూలహక్కని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టునకు చెందిన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. జస్టిస్ పుట్టస్వామి గారి దావాలో వెలువడిన ఆ తీర్పు ప్రకారము ఈ హక్కును కుదింపవలెనన్నచో శాసనముండవలె, న్యాయమైన ప్రయోజనముండవలె, ప్రయోజనమునకు మించని కొలత యుండవలె. కాని 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 17వ విభాగమున ఒక సందు కలదు. చట్టబద్ధమైన హక్కును గాని, దావాను గాని సాధించుకొనుటకు అవసరమైనచో, మన సమాచారమును వాడుకొనువాడు మన సమ్మతిని అడుగనక్కరలేదు. సమాచారమును భద్రపరచు పూచీ వంటి ఒకటి రెండు బాధ్యతలు తప్ప తక్కినవి వానికి వర్తింపవు. అవసరమా కాదాయని ముందుగ తేల్చుకొనువాడు ఆ దావాదారుడే. ఈ చట్టపు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యమైన బాధ్యతలు అమలగుటకు 18 నెలల గడువీయబడినది. ఇంటికి గోడలు కట్టి, వాకిలికి తలుపు మరచిన చందముగ నున్నది.

కావున మా కోరికలు నాలుగు. న్యాయమూర్తి విచారించి ఇచ్చిన ఉత్తర్వు లేనిదే ఏ కంపెనీయు ఏ ప్రైవేటు సంస్థకును చందాదారుని పేరు, చిరునామా ఈయరాదు. అట్టి ఉత్తర్వునకు ముందు ఆ చందాదారునకు నోటీసిచ్చి, అతని మాట వినవలెను. కేవలము చూచినవారిని గుర్తించుటకై ఇండ్లపై కాపలా పెట్టరాదు. 17వ విభాగములోని సందును పార్లమెంటు సవరించి, అవసరమును నిర్ణయించు అధికారమును న్యాయస్థానమునకే విడువవలెను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటియు దొంగకు ఆశ్రయమీయదు. నిర్దోషికి మాత్రము నీడనిచ్చును.

మనవారికి కూడ ఒక మాట చెప్పక ముగించుట న్యాయము కాదు. ఐబొమ్మను వాడిన 50 లక్షల మంది సమాచారము నిందితుని వద్ద నున్నదని పోలీసులు వెల్లడించిరి. ఆ సైటు జూదపు యాపులకు ప్రచారము చేసినదనియు చెప్పిరి. ఉచితముగ చూచితిమని మురిసినవారు పైకము బదులు తమ పేరును చెల్లించిరన్నమాట. కిరాయి సంస్థ మన పేరును కోర్టు చాటున అడుగుచున్నది. దొంగ అడుగకయే తీసికొనుచున్నాడు. ఇరువురికిని మన గడపలో చోటు లేదు. మన హక్కులను అడుగుటకు మన చేతులు శుభ్రముగ నుండవలె. కావున పిల్లల ఫోనులలో నున్న అట్టి సైటులను నేడే తొలగింపుడు. టికెట్టు కొని చూడగలిగిన చిత్రమును టికెట్టు కొనియే చూడుడు. చిత్రనిర్మాతలకును మా మనవి ఒకటి కలదు. షోలాపురపు తెలుగువాడు మీ గిరాకీదారుడు, దొంగ కాడు. అతనికి అందుబాటు ధరలో, విడుదలైన నాడే, ఈ ఊరి హాలులో మీ చిత్రమును చూపుడు. దొంగ సైటుల వ్యాపారము సగము అక్కడనే కూలును.

ఈ విషయమును మన సంఘపు రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టి, తీర్మానించి, మన పార్లమెంటు సభ్యునకు అందజేయవలెనని సూచించుచున్నాము. వ్యతిరేకించువారు తమ వాదమును వ్రాసి పంపినచో ఈ పుటలలోనే ప్రకటింతుము. దొంగ ఎక్కడ నున్నను పట్టుడు. మేమును చేయూత నిత్తుము. మా గడప దాటవలెనన్నచో మాత్రము న్యాయమూర్తి సంతకముతో రండు.